రాజుగారి నడుము కొలత

అది ప్లవంగ నామ సంవత్సరం. మాఘం వెళ్ళి ఫాల్గుణం పడింది, అడవిలో మోదుగులు ఎర్రగా పూశాయి. ఒకానొక రాజ్యంలో, పేరు కావాలంటే తంగేడుకోట అనుకోండి, వద్దంటే మానెయ్యండి, కథకు నష్టం లేదు, ఉద్దండరాయుడనే రాజు ఉండేవాడు.

రాజు చెడ్డవాడు కాదు. పొట్టివాడు. పొట్టిగా ఉండటం తప్పేమీ కాదు గాని, ఆయన తన పొట్టితనాన్ని రాజ్యం మొత్తం మీద రుద్దాడు. తన తల కంటే ఎత్తున ఇంకెవరి తలా ఉండకూడదని శాసనం వేయించాడు. ఆయన నిలబడితే కొలువులో పొడుగువాళ్ళంతా మోకాళ్ళు వంచేవారు. ఆయన కూర్చుంటే వాళ్ళు నేల మీద చతికిలబడేవారు. గొడుగు పట్టేవాడు తాడిచెట్టంత మనిషి. పాపం, కొలువులో కప్పలా నడిచి నడిచి ఇంట్లో కూడా అలాగే నడుస్తున్నాడని వాడి పెళ్ళాం వీధిలో చెప్పుకుని ఏడ్చేది.

రెండో శాసనం కొలతలది. బజారులో ఒక్కో అంగడివాడిది ఒక్కో మూర. పొడుగు చేతులవాడి దగ్గరే జనం బట్ట కొంటున్నారని తగవులు పుట్టాయి. రాజు తీర్పు చెప్పాడు.

"ఇక నుంచి మూర అంటే నా మూరే. జాన అంటే నా జానే. అడుగంటే నా అడుగే. ఎవడైనా తన ఒంటితో కొలిచాడో, తిరగలి రాయి భుజాన పెట్టుకుని కోట చుట్టూ తిరగాలి!"

తగవులు తీరాయి. రాజుగారి చెయ్యి పొట్టిది కాబట్టి జనం పంచెలు మాత్రం మోకాళ్ళ పైకి వచ్చాయి.

ఈ రాజుగారి పక్కన అడపం పట్టుకుని నిలబడేవాడు కాచన. అడపమంటే తాంబూలం పెట్టె. ఆకుకు సున్నం రాసి, వక్క వేసి, చుట్టి అందించడం కాచన కొలువు. నోట్లో ఆకు ఉన్నంతసేపు రాజు మాట్లాడలేడు. కాబట్టి ఆకు ఎప్పుడు అందించాలో తెలిసినవాడే సగం రాజ్యం ఏలుతున్నట్టని కాచన నమ్మకం. మనిషి తిండిపోతు. తన తెలివి మీద తనకే ముద్దు ఎక్కువ. చిన్నతనంలో మాత్రం కొండ కింద మేనమామ దగ్గర పెరిగాడు. ఆ మామ మాన్లు కొట్టేవాడు.

రాబోయే ఉగాదికి కోట ముందు ధ్వజం ఎత్తాలని రాజుకు బుద్ధి పుట్టింది. పుట్టిన మర్నాడే చుట్టుపక్కల రాజులందరికీ కబురు వెళ్ళింది, "మా ధ్వజం నూరు మూరలు, వచ్చి చూసి పొండి" అని. ఆ తరువాతే మాను కోసం వెతికారు. కుమ్మరివీధి చివర నిటారుగా ఒక టేకు మాను కనిపించింది. రాజు దాని వంక ఒకసారి చూసి, "నూరు మూరలు" అన్నాడు. ఇంకేం, అది నూరు మూరలైపోయింది.

"ఏ వైపు పడగొడతారు?" అని అడిగాడు రాజు.

మంత్రి నరహరయ్య ముందుకు వచ్చాడు, మోకాళ్ళు వంచే. "తూర్పున కోటగోడ, ఉత్తరాన కాలవ, దక్షిణాన శివాలయం మహాప్రభూ. పడితే పడమరకే పడాలి. ఆ వైపు ఒక ఇల్లుంది. మాను మొదలు నుంచి ఆ ఇంటి గడపకు తమ మూరతో డెబ్బై."

"మాను నూరు, ఇల్లు డెబ్బై దగ్గర. అయితే ముప్పై మూరల మాను ఇంటి మీద పడుతుంది. ముందే పీకించెయ్యండి."

ఆ ఇల్లు కుమ్మరి నాగవ్వది. ఆమె ఆ పూటే కొలువుకు వచ్చింది. ముసలిది, గూనిది. వంచాల్సిన అవసరం లేకుండానే ఆమె తల రాజుగారి తల కంటే కిందే ఉంది.

"దొరా, నా ఇల్లు యాడికీ కదల్లేదు. నేను కాపురానికొచ్చిన కాణ్ణించి ఆడనే ఉంది. మీ మానే నా ఇంటి మీదికి వస్తోంది," అంది.

"రాజధ్వజం అవ్వా! పుణ్యం అనుకో," అన్నాడు మంత్రి.

"పుణ్యం నాకెందుకు సామీ, కుండలు కావాల. ఇంటి గోడకు ఆనుకునే ఆవం ఉంది. ఉగాది పచ్చడికి ఊరందరికీ కొత్తకుండలు అందులోనే కాలాల. ఇల్లు పీకితే ఆవం కూలుద్ది. కొత్తది కట్టి ఎండబెట్టేసరికి వానలొస్తాయి. అప్పటిదాకా ఊరు పచ్చడి కలుపుకోకుండా కూర్చుంటదా, నేను తినకుండా కూర్చోవాల్నా?" ఆమె ఊపిరి తీసుకుంది. "అయినా ఆ మాను నూరు మూరలు లేదు దొరా."

కొలువంతా గతుక్కుమంది.

"నూరని నేనన్నాను," అన్నాడు రాజు, ఒక్కొక్క మాటా నొక్కుతూ.

"మీరన్నారు. అది ఇనలేదేమో."

"పోనీ, ఎవణ్ణయినా ఎక్కించి తాడు జారవిడిచి కొలిస్తే..." అని ఎవరో గొణిగారు.

"కొలవడమా! కొలవడమంటే నా మాటను శంకించడం. ఈ ముసల్దాన్ని..."

సరిగ్గా అప్పుడు కాచన ఆకు అందించాడు. ఆకు కనబడితే రాజుగారి నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. ఆరోజు వక్క కాస్త గట్టిది కూడా.

"వెళ్ళు అవ్వా," అన్నాడు కాచన. "ప్రభువులు ఎల్లుండి దాకా గడువిచ్చారు. చూశావుగా, తల ఊపుతున్నారు."

రాజు వక్క కొరకలేక తల ఊపుతున్నాడు. అది గడువు కిందే జమపడింది.

పొద్దు వాలాక కాచన కుమ్మరివీధికి వెళ్ళాడు. నాగవ్వ గడప ముందు మానుకు వీపు తిప్పి నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, పంచె ఎగగట్టి, నడుం వంచి, పిక్కలు పట్టుకుని, తన కాళ్ళ సందులోంచి వెనక్కి చూశాడు.

"ఏం బాబూ, నడుం పట్టేసిందా? ఉప్పుకాపడం పెట్టనా?" అంది నాగవ్వ.

"ఉండవ్వా."

తలకిందులుగా మాను కనిపించింది. మొదలు, బోదె, కొమ్మలు, కొన. కొనకు అవతల జానెడు ఆకాశం కూడా కనిపించింది. కాచనకు మేనమామ గుర్తొచ్చాడు. మాను కొట్టే ముందు వాళ్ళంతా ఇలా వంగి చూసుకునేవారు. వంగినప్పుడు కొన ఎక్కడి నుంచి సరిగ్గా అందుతుందో, మాను పడితే అక్కడిదాకా వస్తుంది. అక్కడికి ఇంకాస్త అవతల చద్దిమూటలు పెట్టుకునేవారు. ఆకాశం కూడా కనిపించిందంటే చద్దికి ఏ భయమూ లేదు.

కాచన లేచి దుమ్ము దులుపుకున్నాడు. "వంగినప్పుడు కళ్ళుండే మోకాలెత్తు కలుపుకున్నా నీ గడప ముట్టదవ్వా. డెబ్బైకి లోపే."

"నేను చెప్తానే ఉంటిని గదా!"

"నువ్వు చెబితే చెల్లదు. నేను చెబితే అసలే చెల్లదు, తిరగలి రాయి మోయాలి. రాజుగారి ఒళ్ళు చెప్పాలి."

"రాజుగారు ఇట్టా వంగుతాడా?" నాగవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అదే ఆలోచిస్తున్నా," అన్నాడు కాచన.

మర్నాడు పొద్దున రాజు ఏకాంతంగా ఉన్నప్పుడు కాచన ఆకు చుడుతూ నిట్టూర్చాడు. రాజు పట్టించుకోలేదు. ఇంకొంచెం గట్టిగా నిట్టూర్చాడు.

"ఏమిట్రా, కడుపు నొప్పా?"

"కాదు మహాప్రభూ. తమ నడుముకు జరిగిన అన్యాయం తలుచుకుంటే బాధగా ఉంది. తమ చేతికి మూర పదవి ఇచ్చారు. వేళ్ళకు జాన పదవి ఇచ్చారు. కాలికి అడుగు పదవి ఇచ్చారు. నడుముకే ఏమీ లేదు."

"నడుముతో ఏం కొలుస్తార్రా?"

"చెట్ల ఎత్తు. రాజ్యంలో మాన్లు కొట్టేవాళ్ళందరూ కొలుస్తున్నారు. ఎవడి నడుముతో వాడు! ఒక్కడంటే ఒక్కడు తమ నడుము వాడటం లేదు."

రాజు ముఖం కందగడ్డ అయింది. "ఇంత ద్రోహమా! నా నడుం ఉండగా!"

ఆ కోపంలోనే ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. కాచన పది మూరల వెదురుగడ పాతాడు, రాజుగారి మూరతోనే. గడ నుంచి నేల మీద పది మూరలు కొలిచి రాజుగారిని నిలబెట్టాడు. చుట్టూ ఎవరూ లేరని రాజు మూడుసార్లు చూసుకుని వంగాడు. పొట్ట అడ్డం పడింది.

"ఏమీ కనపడటం లేదు."

"చేతులు ఇంకొంచెం కిందికి ప్రభూ. మోకాళ్ళు కాదు, పిక్కలు."

"గడ సగం కనిపిస్తోంది... ఆఁ, ఆఁ... కొన! కొన కనిపిస్తోందిరా!"

"అక్కడే ఆగండి! పిక్కల మీద చేతులు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి. బ్రహ్మదేవుడు తమ నడుమును మూలమట్టం పెట్టి చెక్కాడు."

రాజు లేచి ఆయాసపడుతూ, "అయితే ఏమిటి ఇందులో కిటుకు?" అన్నాడు.

కాచన అడపంలోంచి చదరంగా ఉన్న గుడ్డ తీసి మూలకు మూల మడిచాడు. "చూడండి. ఈ అంచు నిలువు, ఈ అంచు నేల. రెండూ కవలలు. ఒకడి పొడుగు తెలిస్తే రెండోవాడి పొడుగు అడగక్కర్లేదు. తమరు వంగినప్పుడు తమ చూపు ఈ మడత మీదుగా పోయింది. అందుకే నేల మీద పదైతే గడ పది."

"మరి ఈ మడత?"

"అది కవలల అక్క. కాస్త పొడుగు."

"ఎంత పొడుగు?"

గడ కొన నుంచి రాజు నిలబడ్డ చోటికి తాడు లాగి, రాజుగారి మూరతో కొలిచారు. పద్నాలుగు మూరలూ, పైన ఒక పిసరూ వచ్చింది.

"ఎప్పుడూ ఇంతే," అన్నాడు కాచన. "పదికి పద్నాలుగు. వేరే వాలులో అయితే మూడో భుజం తెలియడానికి రెండు కొలవాలి. తమ నడుం వాలులో ఒక్కటి కొలిస్తే మిగతా రెండూ వాటంతట అవే వచ్చి దణ్ణం పెడతాయి."

రాజు తన నడుమును రెండు చేతులా ఆప్యాయంగా పట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమే దండోరా మోగింది. ఇక నుంచి రాజ్యంలో చెట్ల ఎత్తుకు కొలత రాజుగారి నడుమే. తొలి కొలత రేపు పొద్దున, కుమ్మరివీధిలో, నాగవ్వ గడప ముందు.

గడప ముందే ఎందుకంటే, డెబ్బై మూరలని ముందే తేలిన చోటు అది. రాజుకూ తన ఆలోచన తనకుంది. నూరు మూరల మానుకు డెబ్బై దగ్గర నిలబడితే కొన కనపడదు. కొన కనపడలేదని నలుగురిలో చెప్పేస్తే ఆ ముసల్దాని నోరు మూతపడుతుంది.

మర్నాడు వీధి నిండిపోయింది. భేరీ మోగింది. రాజు గడప ముందు నిలబడి మానుకు వీపు తిప్పాడు. అప్పుడు తెలిసింది ఆయనకు, తన ముందు గడపలో నాగవ్వ నిలబడి ఉందని.

"ఈమె ముందు వంగాలా?" అన్నాడు పళ్ళ బిగువున.

"ఆమె ముందు కాదు ప్రభూ, కొలత కోసం. గుర్రం ఎక్కేటప్పుడు కాలెత్తితే గుర్రాన్ని తన్నినట్టా?" అన్నాడు కాచన.

రాజు వంగాడు.

వంగగానే శాసనం అందరి నెత్తినా పడింది. రాజుగారి తల కంటే ఎవరి తలా ఎత్తున ఉండకూడదు కదా! మంత్రి వంగాడు. దండనాయకుడు వంగాడు. భేరీవాడు భేరీ మీదుగా వంగాడు. గొడుగువాడు రెండు మడతలై గొడుగును నేల మీద దొర్లించాడు. వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా ఆకాశానికి వీపులే.

నిలబడి ఉన్నది నాగవ్వ ఒక్కతే. ఆమె నెత్తిన నీళ్ళకుండ.

"వంగవే!" అన్నాడు మంత్రి మోకాళ్ళ మధ్య నుంచి.

"వంగుతా సామీ. కుండెడు నీళ్ళూ రాజుగారి నడ్డి మీద పడతాయి, మరి మీ ఇష్టం."

నాగవ్వ తన ముందు వంగిన తలపాగా వంక చూసింది. అలవాటు చొప్పున ఆమె చెయ్యి పైకి లేచింది. "చల్లగా ఉండు నాయనా, నూరేళ్ళు బతుకు," అంది.

వీధి మొత్తం మీద వీపులు గజగజ వణికాయి. అది భయం కాదు. నవ్వు ఆపుకోవడం.

రాజు పిక్కలు పట్టుకున్నాడు. నిన్నటి చోటే. మొదలు కనిపించింది, బోదె కనిపించింది, కొన కనిపించింది. కొన అవతల ఆకాశం, ఆ ఆకాశంలో తాపీగా తిరుగుతున్న ఒక గద్ద.

"నరహరయ్యా," అన్నాడు రాజు, "నీకేం కనిపిస్తోంది?"

"నేను కళ్ళు మూసుకున్నాను ప్రభూ! సొంత నడుముతో చూస్తే నేరం కదా!"

"మేమూ మూసుకున్నాం! మేమూ!" అని వీధంతా పలికింది.

ఇది కాచన అనుకోని మలుపు. చూసినవాడు రాజు ఒక్కడే. రాజు కనపడలేదంటే కనపడనట్టే. నాగవ్వ ఇల్లు ఇప్పుడు ఒక్క అబద్ధం దూరంలో ఉంది.

అతను వంగిన వాడు వంగినట్టే పీతలా పక్కకు నడిచి రాజుగారి తల పక్కకు తల చేర్చాడు. తలకిందులుగా ఉన్నప్పుడు రాజుకూ, ఆకులు చుట్టేవాడికీ పెద్ద తేడా ఉండదు.

"కాచనా," అన్నాడు రాజు రహస్యంగా, "ఆకాశం కనిపిస్తోందిరా."

"తెలుసు ప్రభూ."

"మాను డెబ్బై కూడా లేదురా! నూరని రాజులందరికీ కబురు పంపాను. పరువు పోతుంది. కనపడలేదని చెప్పేస్తా."

"చెప్పెయ్యండి. ఇల్లు పీకిస్తారు, మాను కొట్టిస్తారు. అది నేల మీద పొడుగ్గా పడుకుంటుంది. ఉగాదికి వచ్చిన రాజుల్లో ఒక్కడికి చెయ్యి దురద పుట్టి కొలిస్తే? నరికిన మాను ఇంక పెరగదు ప్రభూ. తమ మాట డెబ్బైకి లోపే చచ్చిపోతుంది."

"మరేం చెయ్యమంటావు?"

"తమ మాటా తప్పు కాదు, తమ నడుమూ తప్పు కాదు. తప్పు చెట్టుది. ఇంకా చిన్నపిల్ల. నూరు మూరలు పెరగమని దానికి ఆజ్ఞ వెయ్యండి. నిలబెట్టి ఉంచితే ఏదో ఒకనాటికి ఆజ్ఞ పాటిస్తుంది."

"ఏదో ఒకనాటికి! ఉగాది పదిహేను రోజుల్లో ఉందిరా!"

"ఉగాదికి అక్క ఉంది కదా ప్రభూ."

"ఎవరి అక్క?"

"కవలల అక్క. పదికి పద్నాలుగైతే డెబ్బైకి?"

రాజు తలకిందులుగానే పెదవులు కదిపాడు. "తొంభై... తొంభై ఎనిమిది."

"పైన ముడికో మూర, కింద ముడికో మూర. మాను తగ్గిన కాస్తా తాడు వేలాటంలో సరిపోతుంది."

"నూరు!"

"మాను కొన నుంచి ఈ గడప కమ్మీ దాకా జెండాల తాడు. నూరు మూరలు. ఎవరు కొలుచుకున్నా నూరే. నడిబజారులో ఆకాశం నుంచి నేలకు దిగే జెండాలు ఏ రాజుకున్నాయి? కాకపోతే కింది ముడి వెయ్యడానికి ఈ గడప ఉండాలి. గడప ఉండాలంటే ఇల్లు ఉండాలి."

రాజుగారి పొట్ట కదిలింది. తరువాత భుజాలు. తలకిందులుగా నవ్వితే మనిషి నిలవడు. ఆయన అలాగే ముందుకు దొర్లి నాగవ్వ గడప మీద కూలబడ్డాడు. కూలబడి కూడా కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నాగవ్వ కుండ దించి ఆయనకు చెంబుడు నీళ్ళిచ్చింది.

"ఇల్లు పీకొద్దు, మాను కొట్టొద్దు," అన్నాడు రాజు. "ఆ చెట్టును పెరగమని నా ఆజ్ఞగా చెప్పండి. అందరూ లేవండి."

లేవడానికి కొందరికి చాలాసేపు పట్టింది.

రాజు తన ముంజేతి బంగారు కడియం తీసి కాచన చేతికి తొడిగాడు. ఆ రోజు మొదటిసారి తానే ఆకు చుట్టి కాచన నోట్లో పెట్టాడు. పెట్టి, అతని వంక ఓరగా చూశాడు.

"కాచనా, ఆకాశం కనిపిస్తోందంటే 'తెలుసు ప్రభూ' అన్నావు. అందరితో పాటు నువ్వూ కళ్ళు మూసుకున్నావు కదా. ఎవరి నడుముతో తెలిసింది?"

కాచన నోటి నిండా ఆకు ఉంది. నమలడం ఆపాడు. ఇన్నేళ్ళూ తాను ఇతరుల నోళ్ళు ఎలా మూయించాడో ఆ పూట తన నోటికే తెలిసింది.

"నాదే ప్రభూ," అన్నాడు చివరికి. "మొన్న సాయంత్రం, ఇక్కడే."

రాజు మళ్ళీ నవ్వాడు. "పోనీలే. నిన్ను క్షమించాను. ఆ మాన్లు కొట్టేవాళ్ళను మాత్రం పట్టి తెమ్మన్నాను. ఒక్కొక్కడి చేతా రాయి మోయిస్తాను. శాసనానికి ఎవడో ఒకడు బాకీ తీర్చాలి కదా!"

కాచనకు ఆకు చేదెక్కింది. వాళ్ళ సంగతి రాజుగారి చెవిన వేసింది తానే. ఆ 'ఒక్కొక్కడి'లో ముసలి మేనమామ కూడా ఉన్నాడు.

"ప్రభూ, నాకు పెట్టిన క్షమాభిక్ష వెనక్కి తీసుకోండి. వాళ్ళందరి తరఫునా నేను మోస్తాను. ఆ తరువాత ఎవరి నడుం వాళ్ళదని శాసనం మార్చండి. వాళ్ళు ప్రాణం కాపాడుకోవడానికి కొలుచుకుంటున్నారు. తమ నడుం అడవి అడవికీ తిరగలేదు."

"కడియం కూడా తీసేస్తావా?"

"అది బరువు లేదు ప్రభూ, ఉండనివ్వండి."

రాజు విరగబడి నవ్వి సరేనన్నాడు. ఉన్నవాటిలో చిన్న తిరగలి తెమ్మని చెప్పాడు. తెచ్చింది మంత్రి కాబట్టి పెద్దది వచ్చింది.

ఉగాదికి రాజులు వచ్చారు, నూరు మూరల జెండాల తాడు కొలుచుకుని వెళ్ళారు. నాగవ్వ ఆవంలో కాలిన కుండల్లోనే ఊరు పచ్చడి కలుపుకుంది. మాన్లు కొట్టేవాళ్ళ జోలికి ఎవరూ పోలేదు.

రాయి మోసిన తరువాత కాచన నడుం మళ్ళీ తిన్నగా నిలవలేదు.